అడవిలో కెమెరా ట్రాప్: కార్డు తీసే ముందు ఫోన్‌లో టైం చూపించండి

(దృశ్యం: నల్లమలలో ఎండుటాకుల కాలిబాట. చెట్టు మొదట్లో మోకాలెత్తున బెల్టుతో బిగించిన కెమెరా.)

నమస్తే అండి. ఈ చెట్టుకు కట్టిన పెట్టె కెమెరా ట్రాప్. ముందు నుంచి ఏ జంతువు నడిచినా, ఒంటి వేడినీ కదలికనూ పసిగట్టి ఫోటో తీస్తుంది. బాటకు అవతల ఎదురుగా ఇంకొకటి ఉంది చూడండి. పులికి ఎడమ పక్క చారలు ఒక తీరు, కుడి పక్క చారలు మరో తీరు. రెండు పక్కలూ ఒకేసారి దొరికితే ఇది ఫలానా పులి అని గట్టిగా చెప్పొచ్చు. అందుకే జంటగా కడతారు.

నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం పులుల అభయారణ్యాలలో దేశంలోకెల్లా పెద్దది. లోపల చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. ఫోటో మన దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి నడిచి వెళ్లాలి. అది ఉండేది గోరంత మెమరీ కార్డులో.

2018 జాతీయ పులుల లెక్కింపులో 26,838 చోట్ల కెమెరాలు కట్టారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి. పులులున్నవి 76,651. అంటే సుమారు 450 ఫోటోలకు ఒకటి. ఆ ఒక్కటి ఏ కార్డులో ఉందో ముందే తెలియదు కదా, అందుకే ప్రతి కార్డునూ పులి ఉన్న కార్డులాగే చూసుకోవాలి.

(దృశ్యం: దగ్గరగా. చెంచు వాచర్ చెయ్యి కెమెరా మూత మీద ఆగుతుంది.)

"ఆగన్నా, చీమలున్నై."

ఈ మాట వినాల్సిందే. పెట్టె లోపలి వెచ్చదనానికి చీమలు గూడు కడతాయి. గబుక్కున తెరిస్తే మట్టి, గుడ్లు కార్డు సందులోకి పోతాయి. ముందు బయట బ్రష్‌తో దులిపి, మెల్లగా మూత తీయండి.

తెరిచే ముందు ఇంకో పని. మీ ఫోన్‌లో టైం కనబడేలా పెట్టి, స్టేషన్ నంబరు, అంటే ఈ జంట కెమెరాలు కట్టిన చోటి నంబరు, రాసిన పలకతో కలిపి కెమెరా ముందు పట్టుకోండి. అది ఫోటో తీసుకుంటుంది. ఎందుకంటారా? సెల్స్ దిగిపోయినప్పుడు కొన్ని కెమెరాల్లో తేదీ, టైం వెనక్కి పోతాయి. ఫోన్‌లో ఉదయం 9:40, ఫోటో అడుగున అదే రోజు తెల్లవారుజామున 3:15 అని ఉందనుకోండి. తేడా 6 గంటల 25 నిమిషాలు. టైం తప్పిన తర్వాత తీసిన ఫోటోలన్నిటికీ అదే కలిపితే సరి. నా లెక్కలో ఈ ఒక్క ఫోటో మిగతా జాగ్రత్తలన్నిటికంటే విలువైనది. ఎప్పుడు, ఎక్కడ అన్నది తెలియని పులి ఫోటో గోడకు పనికొస్తుంది, లెక్కకు పనికిరాదు.

ఇప్పుడు స్విచ్ ఆపండి. ఆపకుండా కార్డు లాగితే, అప్పుడే రాస్తున్న ఫైలు సగంలో తెగుతుంది, ఒక్కోసారి కార్డు మొత్తం చదవడానికి రాదు. కార్డును వేలితో లోపలికి నొక్కితే అదే పైకొస్తుంది. ఎడమ అంచున చిన్న మీట ఉంటుంది, దాన్ని కిందికి, లాక్ వైపు జరపండి. ఇక దాని మీద పొరపాటున ఏదీ చెరగదు.

అడవిలో నిలబడి కాపీ చేయడం పెట్టుకోకండి. ఖాళీ కార్డు తీసుకెళ్లి మార్చేయండి. తీసిన కార్డును వెంటనే చిన్న కవర్లో వేసి, స్టేషన్ నంబరు, కెమెరా నంబరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా చెమటకు చెరుగుతుంది. ఒకసారి నేను జంట కెమెరాల కార్డులు రెండూ ఒకే జేబులో వేసుకున్నాను. క్యాంపుకొచ్చాక ఏది ఏ పక్కదో తేల్చడానికి, ఫోటోల్లో వెనక కనిపించే చెట్లను పోల్చుకుంటూ ఒక సాయంత్రమంతా కూర్చోవాల్సి వచ్చింది.

కొత్త కార్డు పెట్టాక దాని లాక్ తీసి ఉందో లేదో చూడండి. స్విచ్ వేసి, కెమెరా ముందు వంగి నడిచి, ఫోటో పడిందని చూశాకే కదలండి.

(దృశ్యం: బేస్ క్యాంపు. ల్యాప్‌టాప్, కార్డు రీడర్, కవర్ల కట్ట.)

కార్డు పెట్టగానే కంప్యూటర్ "ఫార్మాట్ చేయమంటారా?" అని అడగొచ్చు. వద్దనండి. కార్డు తీసి, వేరే రీడర్‌లో పెట్టి చూడండి. చాలాసార్లు తప్పు రీడర్‌దే.

అన్ని కార్డుల ఫోటోలనూ ఒకే ఫోల్డర్‌లో పోయకండి. ప్రతి కెమెరా ఒకటి నుంచే అంకెలు వేస్తుంది. పేర్లు కలిసి, ఒకదాని మీద ఒకటి పడి పాతది పోతుంది. స్టేషన్‌కో ఫోల్డర్, అందులో కెమెరాకో ఫోల్డర్ పెట్టండి. కార్డులో ఎన్ని ఫోటోలున్నాయో, ఫోల్డర్‌లోకి అన్నీ వచ్చాయో లెక్క సరిచూడండి. తర్వాత ఇంకో హార్డ్ డిస్కులోకి రెండో కాపీ.

పొరపాటున చెరిపేశారా? కంగారు పడకండి, ఆ కార్డులో ఇంక ఒక్క ఫోటో కూడా తీయకండి. చెరిపినప్పుడు మామూలుగా పోయేది చిరునామా మాత్రమే, ఫోటో దాని చోటే ఉంటుంది, కొత్తది వచ్చి కూర్చునేదాకా. ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగొస్తాయి. వచ్చినవాటిని వేరే డిస్కులో దాచండి.

రెండు కాపీలూ తెరిచి చూశాక, అప్పుడు కార్డు లాక్ తీసి ఫార్మాట్ చేయండి, అదీ కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే. తర్వాత ఖాళీ కార్డుల కవర్లోకి.