మాట వినిపిస్తోంది, బొమ్మ రావడం లేదు: ప్లాస్మా టీవీలో లోపం ఎక్కడుందో పట్టుకోవడం

[దృశ్యం: చీకటి గది. 42 అంగుళాల ప్లాస్మా టీవీ. తెర నల్లగా ఉంది. వార్తలు చదువుతున్న గొంతు వినిపిస్తూ ఉంటుంది.]

నమస్కారం. ఈ సెట్‌లో వార్తలు స్పష్టంగా వినిపిస్తున్నాయి, రిమోట్‌తో ఛానెల్ మారుస్తే మారుతోంది, సౌండ్ పెంచితే పెరుగుతోంది, కాని బొమ్మ మాత్రం లేదు. ఇటువంటి సెట్టును చూడగానే చాలామంది ప్యానెల్ పోయిందని తేల్చేస్తారు, లేదా దొరికిన బోర్డు ఏదో ఒకటి కొని మార్చి చూస్తారు. ఆ రెండూ చేయకముందే, వెనుక మూత విప్పకముందే, ఈ టీవీ తన లోపం గురించి సగం సంగతి చెప్పేసింది. మిగతా సగాన్ని మీటరుతో రాబట్టడం ఎలాగో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా తేలికైన అనుమానాలను తీర్చుకోవాలి. చాలా సెట్లలో విద్యుత్ ఆదా మెనూలో "పిక్చర్ ఆఫ్" అనే సదుపాయం ఉంటుంది. పాటలు మాత్రమే వినేవారి కోసం ఇచ్చిన ఆ మీట పిల్లల చేతిలో పొరపాటున నొక్కుకుపోతే, సరిగ్గా ఈ లక్షణమే కనిపిస్తుంది. చాలా సెట్లలో రిమోట్‌లో ఏదో ఒక మీట నొక్కితే బొమ్మ తిరిగి వస్తుంది. ఆ తరువాత మెనూ తెరవండి. సెట్‌టాప్ బాక్స్ బొమ్మ రాకపోయినా టీవీ సొంత మెనూ కనిపిస్తే, లోపం కేబుల్‌లోనో, బాక్సులోనో, ఆ ఇన్‌పుట్‌లోనో ఉంది కాబట్టి టీవీ విప్పవలసిన పని లేదు. మెనూ కూడా కనిపించనప్పుడే మనం ముందుకు వెళ్ళాలి.

[దృశ్యం: ఎల్‌సీడీ టీవీ తెరపై టార్చి వెలుగు పడుతుంది. దాని మీద ఎర్రటి అడ్డగీత.]

ఇక్కడ ఒక పొరపాటు గురించి చెప్పాలి. తెరకు దగ్గరగా టార్చి పట్టి ఏటవాలుగా చూస్తే లోపల బొమ్మ మసకగా కనిపిస్తుందని, కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయినట్లని చెప్పే చిట్కా అందరూ వినే ఉంటారు. అది ఎల్‌సీడీలకూ ఎల్‌ఈడీలకూ సరిపోతుంది కాని ప్లాస్మాకు వర్తించదు. ప్లాస్మా తెర వెనుక బ్యాక్‌లైట్ అనేదే లేదు. రెండు గాజు పలకల మధ్య లక్షలాది చిన్న గదులు ఉంటాయి. వాటిలో నియాన్, జెనాన్ వాయువుల మిశ్రమం ఉంటుంది. ఎక్కువ వోల్టేజీ తగిలినప్పుడు ఆ వాయువు నుండి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు వెలువడి, గది గోడలకు పూసిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫాస్ఫర్లను (ఆ కిరణాలు తగిలితే వెలిగే పొడులను) వెలిగిస్తాయి. గదులు వెలగకపోతే బొమ్మే లేదు కాబట్టి టార్చి వేసి చూసినా కనిపించేది ఏమీ ఉండదు.

టార్చికి బదులు చీకటే మన పనిముట్టు. గదిలో దీపాలన్నీ ఆర్పి, కిటికీలకు తెరలు వేసి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఐదారు నిమిషాలు ఆగి, టీవీని ఆన్ చేసి తెరను చూడండి. ఆరోగ్యంగా ఉన్న ప్లాస్మా నలుపు కూడా పూర్తి నలుపు కాదు. ప్రతి ఫ్రేమును ఆ సెట్టు కొన్ని సబ్‌ఫీల్డులుగా, అంటే చిన్న చిన్న వెలుగు విడతలుగా, విడగొట్టి చూపిస్తుంది (డబ్బాల మీద అంత గొప్పగా రాసుకున్న 600 హెర్ట్జ్, 60 ఫ్రేములకు 10 సబ్‌ఫీల్డుల చొప్పున వేసిన లెక్కే), ఆ సబ్‌ఫీల్డులకు ముందు గదులన్నింటినీ ఒకే స్థితికి తీసుకురావడానికి ఇచ్చే రీసెట్ పల్సు వల్ల తెరంతా బూడిద రంగులో అతి సన్నని మెరుపు ఉంటుంది. ఆ మెరుపు కనిపిస్తే తెరను నడిపే అధిక వోల్టేజీ బోర్డులు చాలావరకు పనిచేస్తున్నాయని, ఏ గది వెలగాలో చెప్పే సమాచారం మాత్రం చేరడం లేదని అర్థం. మెరుపు బొత్తిగా లేకపోతే అధిక వోల్టేజీ దగ్గరే ఎక్కడో దారి తెగింది. చివరి రోజుల్లో వచ్చిన కొన్ని మంచి మోడళ్ళలో ఈ మెరుపు చాలా తక్కువ కాబట్టి, అటువంటి సెట్ల విషయంలో దీనిని సాక్ష్యంగానే తీసుకోండి, తీర్పుగా కాదు.

[దృశ్యం: టీవీని మెత్తటి దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి వెనుక మూత తీస్తారు. బోర్డుల పేర్లు తెలుగులో కనిపిస్తాయి.]

మూత తీసే ముందు ప్లగ్గు పూర్తిగా ఊడదీయాలి. ఇంటి కరెంటును టీవీకి కావలసిన వోల్టేజీలుగా మార్చే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో 380 నుండి 400 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు ఉంటుంది. దానిని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు పుట్టించే అలవాటు మన మెకానిక్కులలో ఇంకా ఉంది. అది చేతికీ బోర్డుకూ చేటు. 2 కిలో ఓముల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న తీగలతో ఆనించి, ఆ తరువాత మీటరుతో సున్నాకు దగ్గరగా వచ్చిందని చూసుకొని మాత్రమే చేయి పెట్టండి. ఈ పనిలో అనుభవం లేనివారు వీడియో చూసి సంగతి తెలుసుకోవడం వరకే ఉంచి, కొలతలు తెలిసినవారి చేత చేయించుకోవడం మంచిది.

మూత తీయగానే వోల్టేజీలు కొలవకండి, ముందు కళ్ళతో చూడండి. తెర ముందువైపు గాజులో సన్నని పగులు ఉన్నదేమో వెతకాలి. పగిలితే వాయువు పోతుంది, సౌండ్ వస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం ఇక ఎన్నటికీ రాదు. ప్యానెల్ వెనుక మూల దగ్గర వాయువు నింపి మూసిన చిన్న గాజు గొట్టం మొన కూడా ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు దానికి దెబ్బ తగిలినా ఫలితం అదే. ఆ తరువాత ఉబ్బిన కెపాసిటర్లు, నల్లగా కమిలిన చోట్లు, సముద్రతీరపు ఊళ్ళ నుండి వచ్చిన సెట్లలో కనెక్టర్ల కాళ్ళకు పట్టిన పచ్చటి చిలుము చూసుకోండి. వెచ్చదనం కోసం లోపలికి దూరిన బల్లి అధిక వోల్టేజీ కాళ్ళ మధ్య అడ్డంగా పడి చచ్చి ఉండడం కొత్త సంగతేమీ కాదు.

[దృశ్యం: బొమ్మలో ఎస్‌ఎంపీఎస్ నుండి మూడు దారులు. ఒకటి మెయిన్ బోర్డుకు, ఒకటి వై బోర్డుకు, ఒకటి ఎక్స్ బోర్డుకు.]

ఇప్పుడు సౌండ్ మనకు ఏమి చెప్పిందో చూద్దాం. రిమోట్ నొక్కినప్పుడు స్టాండ్‌బై 5 వోల్టులతో మేలుకొని ఉన్న మెయిన్ బోర్డు (ఛానెల్, సౌండ్, బొమ్మ సమాచారం చూసుకునే బోర్డు), రిలే అనే స్విచ్ వేయమని ఎస్‌ఎంపీఎస్‌కు చెబుతుంది. టిక్కుమని శబ్దం వస్తుంది. మొదట తక్కువ వోల్టేజీలు వస్తాయి, వాటితోనే ట్యూనర్, ఆడియో పనిచేస్తాయి. ఆ వెనుక "వీఎస్ ఆన్" అనే మరొక ఆజ్ఞ వెళితేనే, తెరను వెలిగించే వీఎస్ (గదులను వెలిగించి ఉంచేది), వీఏ (వెలగవలసిన గదులను ఎంచేది) అనే వోల్టేజీలు పుడతాయి. కాబట్టి మాట వినిపిస్తున్నదంటే స్టాండ్‌బై, తక్కువ వోల్టేజీలు, మెయిన్ బోర్డులో పెద్ద భాగం బాగున్నట్లే. మెయిన్ బోర్డు కొనడానికి తొందరపడవద్దని చెప్పేది ఇందుకే.

వీఎస్ సాధారణంగా 180 నుండి 210 వోల్టుల మధ్య, వీఏ 55 నుండి 70 వోల్టుల మధ్య ఉంటాయి. మీ సెట్టుకు ఎంత కావాలో ప్యానెల్ వెనుక అంటించిన చీటీ మీద రాసి ఉంటుంది. ఆ చీటీ మాటే వినాలి; అదే మోడల్‌కు చెందిన మరో టీవీ నుండి తీసుకున్న లెక్క కూడా పనికిరాదు, ఎందుకంటే ఫ్యాక్టరీలో ఏ ప్యానెల్‌కు ఆ ప్యానెల్‌ను కొలిచి రాసిన అంకెలవి.

మీటరును 1000 వోల్టుల డీసీ స్థాయిలో పెట్టి, నల్లతీగను చట్రానికి క్లిప్పుతో బిగించి, ఎర్రతీగతో ఒక్క చేత్తోనే వీఎస్ కొలవండి. ఇక్కడి నుండి దారి రెండుగా చీలుతుంది.

వీఎస్ లేదనుకోండి. ఎస్‌ఎంపీఎస్ చెడిందని వెంటనే అనకూడదు. "వీఎస్ ఆన్" ఆజ్ఞ వస్తున్నదో లేదో చూడాలి. ఆజ్ఞ వస్తున్నా వోల్టేజీ లేకపోతే, ఆ వోల్టేజీని వాడుకుని తెరలోని గదులను నడిపే వై, ఎక్స్ బోర్డులలో ఒకటి షార్ట్ అయి ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటూ ఉండవచ్చు. ప్లగ్గు తీసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, వై బోర్డుకూ ఎక్స్ బోర్డుకూ వెళ్ళే వీఎస్ కనెక్టర్లు ఊడదీసి, ఒక్కొక్క బోర్డు మీద వీఎస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య మీటరును డయోడ్ మోడ్‌లో (డయోడ్లను పరీక్షించే అమరికలో) పెట్టి చూడండి. రెండు దిక్కులా సున్నాకు దగ్గరగా చూపిస్తే ఆ బోర్డు షార్ట్. రెండూ బాగుంటే ఎస్‌ఎంపీఎస్‌ను ఒంటరిగా పరీక్షించాలి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు బరువు (లోడ్) లేకుండా నిలబడవు. అటువంటప్పుడు ఇంట్లో మూలన పడి ఉన్న 230 వోల్టుల, 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును వీఎస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య కలపండి. దాదాపు 200 వోల్టుల దగ్గర ఆ బల్బు కాస్త పచ్చగా, నిలకడగా వెలుగుతుంది. వెలిగితే ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి.

[దృశ్యం: వై బోర్డు దగ్గరగా. గాజు ఫ్యూజు, దాని పక్కన హీట్‌సింకుకు బిగించిన ఐజీబీటీలు.]

వీఎస్ సరిగ్గా ఉండి తెర మాత్రం చచ్చినట్లు ఉంటే అసలైన కథ వై బోర్డులో ఉంటుంది. పేర్లలో గందరగోళం ఉంది కాబట్టి చెబుతున్నాను: ఎల్‌జీ వారు వై-సస్టెయిన్, జెడ్-సస్టెయిన్ అంటారు; శామ్‌సంగ్ వారు వై-మెయిన్, ఎక్స్-మెయిన్ అంటారు; పానాసోనిక్ వారు ఎస్‌సీ, ఎస్‌ఎస్ అంటారు. పని ఒకటే. రీసెట్, స్కాన్ (గదులను వరుసల వారీగా ఎంచడం), సస్టెయిన్ (వాటిని వెలిగించి ఉంచడం) మూడూ చేసేది వై పక్క కాబట్టి వేడీ దెబ్బలూ దానికే ఎక్కువ. అవతలి ఎక్స్ పక్క చెడినప్పుడు తెర పూర్తిగా ఆరిపోకుండా నీడ లాంటి బొమ్మ మిగిలే సందర్భాలూ ఉన్నాయి.

వై బోర్డు మీద వీఎస్ వచ్చే దారిలో చాలా సెట్లలో ఒక ఫ్యూజు ఉంటుంది. అది తెగితే ఎస్‌ఎంపీఎస్‌కు షార్ట్ కనిపించదు, సెట్టు ఆరిపోదు, మాట వస్తూనే ఉంటుంది. మనం వెతుకుతున్న లక్షణానికి ఇంతకంటే సహజమైన కారణం మరొకటి లేదు. అయితే ఫ్యూజు ఊరికే తెగదు. కొత్త ఫ్యూజు వేసి చూద్దామనుకుంటే అది కూడా వెంటనే పోతుంది, ఒక్కోసారి మరికొన్ని భాగాలను వెంట తీసుకుపోతుంది. ఐజీబీటీలనూ మాస్‌ఫెట్లనూ (అధిక వోల్టేజీని వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లను) ఒక్కొక్కటిగా డయోడ్ మోడ్‌లో చూసి, షార్ట్ అయినదాన్ని పట్టుకోవాలి.

అక్కడితో ఆగకూడదు. వై బోర్డుకూ ప్యానెల్‌కూ మధ్య నిలబడి పల్సులను ఒక్కొక్క వరుసకు అందించే బఫర్ బోర్డులను పరీక్షించకుండా కొత్త వై బోర్డు బిగించడం ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తప్పు. బఫర్ మీది స్కాన్ ఐసీ షార్ట్ అయి ఉంటే అది కొత్త బోర్డును కూడా కాల్చేస్తుంది. ఐసీ మీద సూదిబెజ్జమంత కాలిన గుర్తు కనిపించవచ్చు. కనిపించకపోయినా ప్రతి అవుట్‌పుట్ పిన్నునూ, బఫర్ సొంత ఫ్లోటింగ్ గ్రౌండ్‌తో (చట్రంతో కలవని గ్రౌండ్‌తో) పోల్చి డయోడ్ మోడ్‌లో చూడాలి. అన్నీ ఒకే రకమైన అంకె చూపించాలి. ఒక్కటి తేడాగా ఉన్నా ఆ ఐసీని నమ్మకండి.

[దృశ్యం: లాజిక్ బోర్డు మీద మిణుకుమిణుకుమనే చిన్న ఎల్‌ఈడీ.]

చీకటిలో మెరుపు కనిపించిన సెట్ల సంగతి వేరు. వీటిలో చూడవలసింది వీఏ వోల్టేజీ, ఏ గది ఎప్పుడు వెలగాలో చెప్పే లాజిక్ బోర్డు, దానికీ మెయిన్ బోర్డుకూ మధ్య బొమ్మ సమాచారాన్ని మోసే ఎల్‌వీడీఎస్ కేబుల్. ఆ కేబుల్‌ను తీసి, కాళ్ళను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నిటారుగా తిరిగి పెడితేనే బాగుపడిన సెట్లు ఉన్నాయి. చాలా లాజిక్ బోర్డుల మీద ఒక ఎల్‌ఈడీ ఉంటుంది. అది వెలగకపోతే ఆ బోర్డుకు కరెంటు అందడం లేదు, లేదా బోర్డే చెడింది. ఎల్‌జీ బోర్డుల మీద "ఆటో జెన్" అని రాసిన రెండు బిందువులు ఉంటాయి. ఎల్‌వీడీఎస్ కేబుల్ ఊడదీసి, ఆ రెంటినీ కలిపి ఆన్ చేస్తే, లాజిక్ బోర్డు సొంతంగా తెర మీద రంగులు మార్చి మార్చి చూపిస్తుంది. రంగులు వచ్చాయంటే ప్యానెల్, దాని చుట్టూ ఉన్న బోర్డులన్నీ బాగున్నట్లు. అప్పుడు మాత్రమే మెయిన్ బోర్డును అనుమానించాలి.

బోర్డుల లభ్యత గురించి ఒక మాట. పానాసోనిక్ 2013 చివరిలో, శామ్‌సంగ్, ఎల్‌జీ 2014 చివరిలో ప్లాస్మా తయారీ నుండి తప్పుకున్నాయి కాబట్టి, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో వెతికినా ఆన్‌లైన్‌లో వెతికినా దొరికేవి ఎక్కువగా గాజు పగిలిన సెట్ల నుండి విప్పిన పాత బోర్డులే. టీవీ మోడల్ నంబరు కాదు, బోర్డు మీది పార్ట్ నంబరూ ప్యానెల్ నంబరూ కలిసినప్పుడే కొనండి. నన్నడిగితే, ఫ్యూజు, ఒకటి రెండు ఐజీబీటీలు, కేబుల్ వరకైతే బాగుచేయించుకోవచ్చు. వై బోర్డుతో పాటు రెండు బఫర్లు కూడా పోయిన సెట్టు మీద డబ్బు పెట్టమని నేను చెప్పను.

[దృశ్యం: తెర మీద బొమ్మ వస్తుంది. మీటరు వీఎస్ బిందువు మీద.]

బోర్డు మార్చిన తరువాత బొమ్మ రాగానే మూత బిగించకండి. వీఎస్‌నూ వీఏనూ చీటీలోని అంకెలకు సరిదిద్ది, తెల్లని బొమ్మతో ఒక గంట నడవనిచ్చి, సెట్టు వేడెక్కాక మళ్ళీ కొలవండి. అంకెలు కదలకపోతే మరలు బిగించవచ్చు.