పాఠం ఒకచోట, పట్టా మరొకచోట

శ్రోతలకు నమస్కారం.

విశ్వవిద్యాలయం పేరుతో పట్టా పుచ్చుకున్న వారిలో చాలామంది ఆ విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక్క పాఠమైనా విని ఉండరు. స్నాతకోత్సవం నాడు మాత్రం అక్కడికి వెళ్లి ఉంటారు, లేదా ఆ శ్రమ కూడా లేకుండా పట్టాను తపాలాలో తెప్పించుకుని ఉంటారు. వారు చదివింది తమ ఇంటికి దగ్గరలో ఉన్న ఒక కళాశాలలో. స్వయంగా డిగ్రీ ఇచ్చే అధికారం ఆ కళాశాలకు లేదు కనుక, ఆ అధికారం ఉన్న విశ్వవిద్యాలయంతో అది ఒప్పందం చేసుకుంటుంది. సిలబస్ అక్కడి నుంచి వస్తుంది, పాఠం ఇక్కడ జరుగుతుంది, ఫలితం మళ్లీ అక్కడి నుంచే వెలువడుతుంది. చరిత్ర, సాహిత్యం, తత్త్వశాస్త్రం, రాజనీతిశాస్త్రం వంటి విషయాలలో బి.ఏ. చదవదలచిన వారికి అనేక దేశాలలో ఈ దారి తెరిచి ఉంది. ఈ ఏర్పాటు ఎలా పుట్టింది, ఎక్కడ పనికివచ్చింది, ఎక్కడ బెసికింది, ఇప్పుడు ఇందులో చేరేవారు ఏమేమి విచారించుకోవాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ఈ పద్ధతికి మూలం లండన్ విశ్వవిద్యాలయం. 1836లో రాజశాసనం ద్వారా అది ఏర్పడినప్పుడు దానికి తరగతి గదులు లేవు, పాఠం చెప్పే అధ్యాపకులూ లేరు. యూనివర్సిటీ కాలేజీ, కింగ్స్ కాలేజీ అనే రెండు సంస్థలు అప్పటికే ఆ నగరంలో బోధన సాగిస్తున్నాయి. మొదటిది మతంతో నిమిత్తం లేకుండా విద్యార్థులను చేర్చుకునేది, రెండవది ఆంగ్లికన్ చర్చికి చెందినది, రెండింటికీ పొసగేది కాదు. ఒకదానికి డిగ్రీ ఇచ్చే అధికారమిస్తే రెండవది ఊరుకోదు. అందువల్ల ప్రభుత్వం ఆ అధికారాన్ని రెండింటికీ ఇవ్వకుండా, పరీక్షలు జరిపి పట్టాలివ్వడం మాత్రమే పనిగా మూడవ సంస్థను నెలకొల్పింది. తగవు తీర్చడానికి పుట్టిన ఉపాయం ఇంత దూరం ప్రయాణిస్తుందని ఆనాడు ఎవరూ అనుకుని ఉండరు. 1858లో ఆ విశ్వవిద్యాలయం, వైద్యశాస్త్రం మినహా మిగిలిన డిగ్రీలకు, ఫలానా కళాశాలలో చదివి ఉండాలన్న నిబంధననే తీసివేసింది. ఎక్కడ చదివినా, ఏ కళాశాల గడప తొక్కకపోయినా, పరీక్షకు కట్టి నెగ్గితే డిగ్రీ దక్కేది. 1878లో ఆ అవకాశం స్త్రీలకూ లభించింది. బ్రిటన్‌లో స్త్రీలకు డిగ్రీలు ఇవ్వడానికి అంగీకరించిన మొదటి విశ్వవిద్యాలయం అదే.

ఇంగ్లండులో ఈనాడు పేరున్న కొన్ని విశ్వవిద్యాలయాలు ఒకప్పుడు ఇలాంటి స్థానిక కళాశాలలే. నాటింగ్‌హామ్, సౌథాంప్టన్, హల్, ఎక్సెటర్, లెస్టర్ కళాశాలలు తమ విద్యార్థులకు లండన్ డిగ్రీ పరీక్షల కోసం పాఠాలు చెప్పి, దశాబ్దాల అనుభవం గడించిన తర్వాత ఒక్కొక్కటిగా స్వతంత్ర విశ్వవిద్యాలయాలయ్యాయి. వీటిలో నాటింగ్‌హామ్‌కు 1948లో ఆ హోదా వస్తే, లెస్టర్ 1957 వరకు ఆగవలసి వచ్చింది.

ఈ నమూనా భారతదేశానికి తొందరగానే చేరింది. భారత పాలనను పర్యవేక్షించే బ్రిటిష్ మండలి అధ్యక్షుడు చార్లెస్ వుడ్ 1854లో పంపిన విద్యాపత్రం సిఫారసు చేసిన మీదట 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ పద్ధతిలోనే ఏర్పడ్డాయి. అవి పరీక్షలు జరిపేవి, కళాశాలలకు గుర్తింపునిచ్చేవి. పాఠం చెప్పడం వాటి పని కాదు. కలకత్తాలో 1858లో జరిగిన తొలి బి.ఏ. పరీక్షలో నెగ్గినవారు ఇద్దరే, వారిద్దరికీ కూడా ఒక సబ్జెక్టులో కొన్ని మార్కులు కలపవలసి వచ్చింది. పరీక్షాధికారులు ఎంత నిక్కచ్చిగా ఉండేవారో దీనివల్ల తెలుస్తుంది కానీ, తరగతి గదిలో ఏమి జరిగిందో వారికి ఏమాత్రం తెలుసునన్న ప్రశ్న కూడా దీనితోనే మొదలవుతుంది.

అయితే ఈ ఏర్పాటు వల్ల జరిగిన మేలును తక్కువ చేయకూడదు. కాదంబినీ బసు అనే బాలిక 1878లో కలకత్తా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. ఆమె పైచదువుకు తగిన కళాశాల లేదు. విశ్వవిద్యాలయం పాఠం చెప్పదు, ఉన్న కళాశాలలు పురుషులవి. అప్పుడు కలకత్తాలోని బెథ్యూన్ బాలికల పాఠశాలలో 1879లో ఆమె కోసం కళాశాల తరగతి ప్రారంభించారు. మరొక విద్యాలయంలో చదివి వచ్చిన చంద్రముఖీ బసు కూడా బి.ఏ. చదువుకు అక్కడే చేరింది, 1883లో ఇద్దరూ పట్టాలు అందుకున్నారు. ఒక్క విద్యార్థిని కోసం ఒక స్థానిక విద్యాలయం తరగతి తెరవగలిగిందంటే, పట్టా ఇచ్చే భారం వేరొకరు మోస్తున్నందువల్లనే. డిగ్రీ అధికారం, రాజశాసనం, పరీక్షా యంత్రాంగం అన్నీ ఆ పాఠశాలే సమకూర్చుకోవాలంటే ఆమె జీవితకాలం చాలేది కాదు. తర్వాత కాదంబిని వైద్యురాలు కాగా, చంద్రముఖి ఎం.ఏ. కూడా పూర్తిచేసి, తాను చదివిన బెథ్యూన్ కళాశాలకే ప్రిన్సిపాల్ అయింది.

ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం మరొక పద్ధతిని అనుసరించింది. 1875లో కరీబియన్ దీవి బార్బడోస్‌లోని కాడ్రింగ్టన్ కళాశాలను, 1876లో పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశపు ఫూరా బే కళాశాలను అది తనకు అనుబంధంగా చేర్చుకుంది. ఫ్రీటౌన్ నగరంలో ఉంటూనే అక్కడి యువకులు డరమ్ బి.ఏ. పట్టాలు సంపాదించుకున్నారు. ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లే స్తోమత లేనివారికి ఇది పెద్ద వరం. కానీ ఆ చదువులో లాటిన్, గ్రీకు, క్రైస్తవ వేదాంతం నిండుగా ఉండేవి, తాము నిలబడిన నేల చరిత్ర వారికి కనిపించేది కాదు.

ఇక్కడే ఆర్ట్స్ డిగ్రీకీ మిగిలిన డిగ్రీలకూ ఉన్న తేడా బయటపడుతుంది. గణితం సిలబస్ వేయి మైళ్ల దూరంలో తయారైనా సమీకరణం మారదు. చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం అలా కావు. ఏ కాలం చదవాలి, ఎవరి రచనలు చదవాలి, ఏ ఉదాహరణలతో వాదించాలి అన్న ప్రతి నిర్ణయంలోనూ ఆ సిలబస్ రాసినవారు నిలబడిన చోటు కనిపిస్తుంది. కనుక ఆర్ట్స్ విషయాలలో స్థానిక కళాశాల అధ్యాపకుడికి సిలబస్‌లోనూ ప్రశ్నపత్రంలోనూ ఎంత పాత్ర ఉందన్నదే ఆ ఒప్పందపు నాణ్యతకు అసలైన గీటురాయి అని నా అభిప్రాయం. భవనాలు, ప్రకటనలు, విశ్వవిద్యాలయం పేరుప్రతిష్ఠలు ఇవన్నీ దాని తర్వాతే.

ఈ సంగతి రెండవ ప్రపంచయుద్ధం తర్వాత లండన్ విశ్వవిద్యాలయమే గుర్తించింది. నైజీరియాలో ఇబాదన్ యూనివర్సిటీ కాలేజీ, నేటి ఘానా అయిన గోల్డ్ కోస్ట్‌లో అదే పేరుగల యూనివర్సిటీ కాలేజీ, జమైకాలో వెస్టిండీస్ యూనివర్సిటీ కాలేజీ, ఈ మూడూ 1948లో మొదలయ్యాయి. వీటితో లండన్ కుదుర్చుకున్న సంబంధం పాత బయటి పరీక్షల పద్ధతి కాదు. డిగ్రీ లండన్‌దే, ప్రమాణం లండన్‌దే, కానీ స్థానిక అధ్యాపకులు తమ ప్రాంతానికి తగిన సిలబస్‌ను ప్రతిపాదించవచ్చు, ప్రశ్నపత్రాల తయారీలోనూ జవాబుపత్రాలు దిద్దడంలోనూ పాలుపంచుకోవచ్చు. ఇబాదన్‌లో కెనెత్ డైకే వంటి చరిత్రకారులు ఆఫ్రికా చరిత్రను డిగ్రీ చదువులోకి తీసుకురాగలిగింది ఈ వెసులుబాటు ఉన్నందువల్లనే. ఆ కళాశాలలు కొన్నేళ్లకే సొంత డిగ్రీలిచ్చే విశ్వవిద్యాలయాలుగా ఎదిగాయి. ఆ వేళకు ప్రశ్నపత్రం తయారు చేయడం ఎలాగో తెలిసిన అధ్యాపకులు వాటి దగ్గర ఉన్నారు కదా.

భారతదేశంలో ఈ పరిణామం మందకొడిగా సాగింది. 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం విశ్వవిద్యాలయాలు స్వయంగా బోధించడానికి వీలు కల్పించి, అనుబంధ కళాశాలల తనిఖీని బిగించింది. కానీ కళాశాలల సంఖ్య పెరిగిన కొద్దీ అందరికీ ఒకే ప్రశ్నపత్రం, దానికి తగిన గైడ్లు, ఆ గైడ్లకు తగిన పాఠాలు అన్న వరస స్థిరపడింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఈ అనుబంధ పద్ధతిని పదిహేనేళ్లలో దశలవారీగా తొలగించి, కళాశాలలకు స్వయంప్రతిపత్తి కల్పించాలని ప్రతిపాదించింది.

బోధన ఒకరి చేతిలో, పట్టా మరొకరి చేతిలో ఉండడం ఒక్కోసారి విద్యార్థిని కాపాడుతుంది కూడా. దక్షిణాఫ్రికాలోని ఫోర్ట్ హేర్ కళాశాల 1916లో మొదలైంది. అక్కడ చదివినవారు దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి డిగ్రీ పొందేవారు. నెల్సన్ మండేలా అక్కడ బి.ఏ. చదువుతూ, విద్యార్థి మండలి వ్యవహారంలో యాజమాన్యంతో విభేదించి 1940లో కళాశాలను వదులుకోవలసి వచ్చింది. జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తూ ఆ విశ్వవిద్యాలయంలోనే దూరవిద్య ద్వారా 1942 చివరికి ఆయన బి.ఏ. పూర్తిచేశాడు. 1943లో పట్టా అందుకోవడానికి ఫోర్ట్ హేర్‌కే తిరిగి వెళ్లాడు. పట్టా ఇచ్చే అధికారం కూడా కళాశాలదే అయి ఉంటే, ఆ పట్టా అంత సులువుగా చేతికి వచ్చేది కాదు.

అమెరికాలో ఈ ఆలోచన ఇంకో రూపం తీసుకుంది. 1901లో ఇలినాయ్ రాష్ట్రంలో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ, డిగ్రీలోని మొదటి రెండేళ్ల చదువును స్థానికంగా చెప్పడానికి ఏర్పడింది. మిగిలిన రెండేళ్లు విద్యార్థి విశ్వవిద్యాలయానికి వెళ్లి చదువుతాడు. ఈ పద్ధతిలో గుండెకాయ క్రెడిట్ల బదిలీ, అంటే పూర్తిచేసిన కోర్సులకు లెక్కగా వచ్చే పాయింట్లను ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు మార్చుకోవడం. అక్కడ బి.ఏ.కు సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. స్థానిక కళాశాలలో 60 వరకు సంపాదించవచ్చు. కానీ ఆ 60 క్రెడిట్లను విశ్వవిద్యాలయం అంగీకరించడం ఒకటి, వాటిని విద్యార్థి ఎంచుకున్న ప్రధాన విషయానికి లెక్కించడం మరొకటి. చరిత్ర ప్రధానంగా చదవదలచినవాడి క్రెడిట్లను ఐచ్ఛిక విషయాల ఖాతాలో జమ వేస్తే, కాగితం మీద 60 ఉన్నా అతడు మరో ఏడాది అదనంగా చదవవలసి రావచ్చు. చేరే ముందే రెండు సంస్థల మధ్య కోర్సు వారీగా రాసుకున్న ఒప్పందం ఉందో లేదో అడిగి, దాన్ని కళ్లతో చూడడం మంచిది.

ఈనాటి ఒప్పందాలు ప్రధానంగా రెండు రకాలు. ఒక రకంలో విశ్వవిద్యాలయం తన సొంత కోర్సును ఉన్నదున్నట్టు స్థానిక కళాశాలలో చెప్పిస్తుంది. రెండవ రకంలో కళాశాలే కోర్సును రూపొందిస్తుంది, విశ్వవిద్యాలయం పరిశీలించి ఆమోదించి, దానికి తన డిగ్రీనిస్తుంది. మొదటి రకంలో విద్యార్థికి భద్రత ఎక్కువ, ఎందుకంటే ప్రధాన ఆవరణలోని విద్యార్థి చదివేదీ అతడు చదివేదీ ఒకటే. రెండవ రకంలో స్థానిక అధ్యాపకుడికి స్వేచ్ఛ ఎక్కువ, కానీ విశ్వవిద్యాలయం పర్యవేక్షణ పేరుకు మాత్రమే ఉంటే ఆ డిగ్రీ విలువ త్వరగా పలచబడుతుంది. ఫీజు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దగ్గర కళాశాల అంటే ఖర్చు తగ్గుతుందని అందరికీ తెలిసిందే, పరీక్ష రుసుము, నమోదు రుసుము విడిగా ఉంటాయేమో కనుక్కుంటే చాలు.

గ్రంథాలయం సంగతి మాత్రం తప్పక విచారించాలి. ఆర్ట్స్ విద్యార్థికి ప్రయోగశాల లేదు, ఉన్న ప్రయోగశాల గ్రంథాలయమే. విశ్వవిద్యాలయం కొనే పరిశోధన పత్రికలు, డిజిటల్ పుస్తకాలు భాగస్వామ్య కళాశాల విద్యార్థికి కూడా ఇంటి నుంచి అందుబాటులో ఉంటాయా, లేక ప్రధాన ఆవరణలో చేరినవారికే పరిమితమా? ప్రచురణకర్తల లైసెన్సుల నిబంధనల వల్ల చాలాచోట్ల ఈ తేడా ఉంటుంది, ప్రవేశ పుస్తకంలో అది స్పష్టంగా రాయరు. అలాగే విద్యార్థి రాసిన వ్యాసాన్ని ఎవరు దిద్దుతారు, దిద్దిన కాగితం వ్యాఖ్యలతో తిరిగి వస్తుందా, లేక మార్కు ఒక్కటే వస్తుందా అన్నది కూడా కనుక్కోవాలి. సాహిత్యమో తత్త్వశాస్త్రమో చదివేవాడు తన వాదన ఎక్కడ వీగిపోయిందో తెలుసుకోకుండా ఎన్ని వ్యాసాలు రాసినా ఒక్కటే.

పట్టా మీద సాధారణంగా విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. మార్కుల పత్రం మీద బోధన జరిగిన కళాశాల పేరు కూడా ఉండవచ్చు. దీన్ని చిన్నతనంగా భావించవలసిన పని లేదు కానీ, వేరే దేశంలో పైచదువుకు వెళ్లదలచినవారు అక్కడి విద్యాసంస్థలు ఇలాంటి భాగస్వామ్య డిగ్రీని గుర్తిస్తాయో లేదో ముందే రాసి అడగాలి. కళాశాల వారు నోటిమాటగా ఇచ్చే హామీ ఇందుకు సరిపోదు.

చాలామంది అడగడం మరిచిపోయే విషయం ఇంకొకటి ఉంది. ఇలాంటి ఒప్పందాలు కొన్నేళ్ల గడువుకు చేసుకునేవి, గడువు తీరిన తర్వాత ఏ పక్షమైనా కొనసాగించకపోవచ్చు. మూడేళ్ల డిగ్రీలో రెండవ ఏట ఒప్పందం ముగిస్తే అప్పటికే చేరిన విద్యార్థుల గతి ఏమిటి? పద్ధతిగా నడిచే ఒప్పందంలో దీనికి సమాధానం రాతపూర్వకంగా ఉంటుంది. కొత్త ప్రవేశాలు ఆపివేసినా, చేరినవారు పూర్తిచేసే వరకు బోధన, పరీక్షలు కొనసాగించే బాధ్యత విశ్వవిద్యాలయానిదే అని, తప్పిన సబ్జెక్టులను తిరిగి రాయడానికి ఫలానా సంవత్సరం వరకు అవకాశం ఉంటుందని అందులో పేర్కొంటారు. ఆ నిబంధన కాపీని కళాశాలను కాక నేరుగా విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ కార్యాలయాన్నే అడగవచ్చు. విద్యార్థి పేరు నమోదయ్యేది అక్కడే కనుక సమాధానం చెప్పవలసినదీ వారే.