ఒక్క షార్ట్ సర్క్యూట్, పాతిక పాయింట్లు
(తిరుపతిలో ఆటోమొబైల్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. నేరుగా విషయానికొస్తాను.

ఫార్ములా వన్‌లో ఒకే జట్టు డ్రైవర్ల పోటీ గురించి మాట్లాడమన్నారు. 2014 సెప్టెంబరు 21, సింగపూర్ రేసు. ఆ రేసుకు ముందు మెర్సిడెస్ జట్టులో నికో రోస్‌బర్గ్‌కు 238 పాయింట్లు, లూయిస్ హామిల్టన్‌కు 216. రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో హామిల్టన్ ముందున్నది సెకనులో వెయ్యింట ఏడు వంతులే. అంత బిగి మీదున్న పోటీని తిప్పేసింది స్టీరింగ్ కాలమ్‌లోని, అంటే స్టీరింగ్ వీల్‌ను పట్టి ఉంచే కడ్డీలోని ఎలక్ట్రానిక్స్.

రేసు మొదలవకముందే రోస్‌బర్గ్ కారులో తేడా బయటపడింది. స్టీరింగ్ వీల్ మార్చి చూశారు, ఫలితం లేదు. అందరితో పాటు కాకుండా పిట్ లేన్, అంటే ట్రాక్ పక్కన కార్లు బాగుచేసే దారి నుంచి బయలుదేరాడు. గేర్లు మారుతున్నాయంతే. టైర్లకని పిట్‌లో ఆగితే కారు మళ్ళీ కదల్లేదు. హామిల్టన్ గెలిచి, పాతిక పాయింట్లు కలిసి 241తో రోస్‌బర్గ్ కంటే మూడు పాయింట్లు పైకెళ్ళాడు.

జట్టు తర్వాత చెప్పిన కారణం వినండి. రేసుకు ముందు మామూలు సర్వీసింగ్‌లో వాడే పదార్థమే కాలమ్ ఎలక్ట్రానిక్స్‌లోకి చేరి, ఉండుండి షార్ట్ చేసింది. కంటికి కనబడదు. శుక్ర, శనివారాలు ఏ ఇబ్బందీ లేదు. దీన్ని దురదృష్టం అనేవాళ్ళతోనే నా పేచీ. ఇది సర్వీసింగ్ విషయం, అంటే మీ పని.

బాబూ, వెనక వరుసలో వాళ్ళూ వినండి. వాటర్ వాష్ తర్వాత బండి స్టార్ట్ కాకపోతే చేతికందిన స్ప్రే వైర్లు కలిపే కప్లర్‌లో కొట్టేస్తారు. వద్దు. ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. కప్లర్ విప్పి పిన్నులకు పచ్చ చిలుము పట్టిందా, రబ్బరు సీలు చిరిగిందా చూడండి. కాంటాక్ట్ క్లీనర్ మాత్రమే కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. పిన్నుల నిండా గ్రీజు కూరొద్దు.

బ్యాటరీ కలిపాక హెడ్‌లైట్ వేసి, మల్టీమీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, బ్యాటరీ నెగటివ్‌కూ లైటు ఎర్త్‌కూ మధ్య చూడండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. మీటరును ఓముల్లో (రెసిస్టెన్స్) పెట్టి చూసి సరిపెట్టుకోవద్దు, ఒక్క పోగు మిగిలిన వైరు కూడా అక్కడ మంచిదిలాగే కనబడుతుంది.

ఘాట్ రోడ్డు మలుపులో ఆగిపోయి, షెడ్డులో నిలబెడితే చక్కగా నడిచే బండి ఉంటుంది చూశారా? ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి, వైరింగ్ కిట్‌ను చేత్తో కదపండి, ఇంజిన్ ఆగుతుందేమో చూడండి. హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వంగి వంగి వైరు తెగేది అక్కడే. ఆ చోటు చూడకుండా ‘ప్రాబ్లం లేదు’ అని బిల్లు రాయకండి.