గుంటగట్టు మీద వాదన

శ్రోతలకు నమస్కారం.

మా మేనమామకు విడవలూరు వైపు ఆరెకరాల రొయ్యల గుంటలు, నాలుగెకరాల మాగాణి ఉన్నాయి. నాకంటే ఎనిమిదేళ్లే పెద్ద. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మేమిద్దరం గుంటగట్టు మీద మంచం వేసుకుని కూర్చున్నామంటే మా అత్తయ్య దూరం నుంచే కాఫీ గ్లాసులు పెట్టి వెళ్లిపోతుంది. ఊరంతా ఔనన్నది కాదనడం మామకు చిన్నప్పటినుంచీ అలవాటు.

మొన్న మే నెలలో వెళ్లాను. నెల్లూరులో మే నెల గురించి మీకు నేను చెప్పేదేముంది. చొక్కా వంటికి అంటుకుపోయి, మాట్లాడటానికి కూడా బద్ధకంగా ఉంది. "వాతావరణం మారిపోయింది మామా" అన్నాను, ఊరికే.

"ఏం మారిందిరా అల్లుడూ? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాతలనాడే అన్నారు గదా. అప్పుడు ఏసీలున్నాయా? కృష్ణపట్నంలో పొగగొట్టాలున్నాయా?"

తమాషా కోసం కాదు, నిజంగానే అడిగాడు. ఈ మాట మీరూ టీ అంగడి దగ్గర విని ఉంటారు. ఎండలు ఎప్పుడూ ఉన్నవే, కొత్తగా గోల చేస్తున్నారు అని. నేను దీనికి జవాబు మామ పుస్తకంలోంచే చెబుదామనుకున్నాను.

మామ రోజూ రెండుసార్లు గుంట నీళ్లు చూసి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. నీటి వేడి, డీఓ, పీహెచ్, ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయన్న లెక్క. ఏరియేటరంటే నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం. డీఓ అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. రొయ్య బతుకంతా దాని మీదే. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు 8 మిల్లీగ్రాములకు పైనే పట్టుకుంటాయి, 32 డిగ్రీలకు వచ్చేసరికి 7.3 దగ్గర ఆగిపోతాయి. ఉప్పునీళ్లైతే ఇంకా తక్కువ. పైగా వేడి నీళ్లలో రొయ్యకు ఊపిరి ఎక్కువ కావాలి. అంటే ఇచ్చేది తగ్గుతుంది, అడిగేది పెరుగుతుంది. అందుకని ఏరియేటర్లు ఎక్కువసేపు తిప్పాలి. 2 హెచ్‌పీ ఏరియేటర్ గంట తిరిగితే ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. ఆ కరెంటు బొగ్గుదైతే యూనిట్‌కు సుమారు 900 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. గాలి వేడెక్కుతుంది, గుంట వేడెక్కుతుంది, ఏరియేటర్ ఇంకాస్త తిరుగుతుంది. గానుగెద్దు లెక్క.

ఎనిమిదేళ్ల పుస్తకాలు ముందర పెట్టి, చూడు మామా, ఏరియేటర్ గంటలు ఎట్లా పెరిగాయో అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

మామ అద్దాలు పెట్టుకుని చూసి నవ్వాడు. "అప్పుడు ఎకరాకు లక్ష పిల్ల వేసేవాణ్ణి. ఇప్పుడు దాదాపు రెండు లక్షలు. గుంట అడుగున మట్టి పేరుకుని లోతు తగ్గింది. మేత పెరిగింది. ఇన్ని మారితే నువ్వు నేరమంతా ఎండ నెత్తిన పెడతావేందిరా? పిల్లకాయలకు ఇట్నే చెప్పావా ముప్పై ఏళ్లు?"

సిగ్గేసింది. ఆయన చెప్పింది నిజం. ఒక గుంట పుస్తకం పట్టుకుని భూగోళం సంగతి తేల్చడం కుదరదు. ఈ సంవత్సరం ఎండ ఎక్కువ, కాబట్టి భూమి వేడెక్కింది అనేవాడూ, ఈ సంవత్సరం వాన ఎక్కువ, కాబట్టి అదంతా అబద్ధం అనేవాడూ చేసే తప్పు ఒకటే.

రుజువు వేరే చోట ఉంది. హవాయి దీవుల్లో మౌనా లోవా అనే అగ్నిపర్వతం మీద 1958 నుంచి గాలిని కొలుస్తున్నారు. అప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఆ వాయువు వేడిని పట్టి ఉంచుతుందన్న లెక్క 1896లోనే స్వీడన్‌లో అర్హీనియస్ కట్టాడు. పాపం, ఆయన ఇది మంచికేననుకున్నాడు. చలిదేశాల్లో పంటలు బాగా పండుతాయని ఆశపడ్డాడు. ఆయన నెల్లూరులో మే నెల చూడలేదు మరి.

"సూర్యుడే వేడి పెంచుతున్నాడేమో?" అన్నాడు మామ. మంచి ప్రశ్న. సూర్యుడే కారణమైతే గాలి పైపొరలు కూడా వేడెక్కాలి. కానీ కొలిచి చూస్తే కింద వేడెక్కుతోంది, 20 కిలోమీటర్ల పైన చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే లోపల వెచ్చగా, దుప్పటి పైన చల్లగా ఉన్నట్టు. ఇంకొకటి. సామెత పగటి ఎండకు కట్టారు గానీ రాత్రికి కట్టలేదు. ప్రపంచం మొత్తం మీద నేలపై చూస్తే పగళ్లకంటే రాత్రుల వేడే ఎక్కువగా పెరిగింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు తమ పొలాల లెక్కలు చూసి 2004లో ఒక సంగతి చెప్పారు. వేసవి పంటలో రాత్రి వేడి ఒక్క డిగ్రీ పెరిగితే వరి దిగుబడి పదోవంతు దాకా పడిపోయింది. మా నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఎకరాకు మూడు పుట్లు పండే చోట పదోవంతంటే 255 కిలోలు. ఈ లెక్క దగ్గర మాత్రం మామ మాట్లాడలేదు. పుట్లలో చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

"సరే, వేడెక్కిందనే అనుకుందాం. ఏం జేద్దామంటావు?" అన్నాడు.

ఇక్కడినుంచి ఆటలో మామదే పైచేయి. ఆ పూటంతా ఆలోచిస్తే నాకొకటి తోచింది. వేడెక్కుతోందా లేదా అన్న దగ్గర అడ్డం తిరిగేవాళ్లతో నాకు ఓపిక అయిపోయింది. ఏం చెయ్యాలి అన్న దగ్గర అడ్డం తిరిగేవాళ్లను మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి వినాలి. మనం మంచిదనుకుని నెత్తిన పెట్టుకున్న పనుల్లో కొన్ని పొరపాటువి, మనం తిట్టిపోసే వాటిలో కొన్ని పనికొచ్చేవి.

సోలార్ పెట్టించుకో మామా అన్నాను. "నా గుంటలో డీఓ పడిపోయేది తెల్లవారుజాము మూడింటికి. మీ సూర్యుడు అప్పుడొస్తాడా?" అన్నాడు. పగలు నీళ్లలోని పాచి వెలుగు తిని ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే కోడి కూసే వేళకు రొయ్యలు నీళ్ల పైకి తేలతాయి. ఆ సమయంలో కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తిన టెన్షన్ ఈ తీరంలో ప్రతి రైతుకూ తెలుసు. సోలార్ చెడ్డదని మామ అనలేదు. తనకు కావలసిన గంటలో అది ఉండదన్నాడు, అంతే. బ్యాటరీలు ఇంకా చవకవ్వాలి, లేదా రాత్రిపూట నమ్మకంగా వచ్చే కరెంటు ఇంకెక్కడినుంచైనా రావాలి. మామైతే అణువిద్యుత్తు అంటాడు. మద్రాసు అవతల కల్పాక్కంలో 1983 నుంచి నడుస్తోంది, ఏమైంది అంటాడు. పొగ రానిమాట నిజమే. ఇంత తీరం, ఇన్ని తుపాన్లు ఉన్నచోట నాకింకా జంకే. ఈ ఒక్క విషయం మా మధ్య తెగలేదు.

సోలార్ మాటమీదే ఇంకొకటి. మా చెల్లెల్ని కనిగిరి వైపు ఇచ్చాం. అక్కడ బోర్లు వందల అడుగులు దిగితే గానీ తడి తగలదు, తగిలినా ఫ్లోరైడ్ నీళ్లు. అట్లాంటి చోట ఎండతో నడిచే మోటారు పెడితే బిల్లు లేదు, ఆపాలన్న బాధా లేదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకే దాకా తోడుతూనే ఉంటుంది. పొగ లేకుండా నేల ఎండబెట్టినట్టు. వాడకాన్ని లెక్కగట్టే మీటరు అన్నది రైతుకు శత్రువని మనం అనుకుంటాం గానీ, ప్రకాశం పడమటి వైపు నేలలో నీళ్లకు దిక్కు అదేనేమో అనిపిస్తుంది నాకు. ఈ మాట బహిరంగంగా అన్నందుకు నన్నెవరైనా తిడితే తిట్టనివ్వండి.

ఏసీల సంగతి. ఏసీ పెట్టుకున్నవాణ్ణి పాపాత్ముడిలాగా చూడటం ఈమధ్య చదువుకున్నవాళ్లలో ఫ్యాషనైంది. 2015 మే నెలలో వడగాలికి మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి రాత్రి ముసలివాళ్లకు ఒక చల్లటి గది ఉండటం విలాసం కాదు, మందుబిళ్ల లాంటిది. తప్పంతా ఇంకో చోట ఉంది. పాత ఏసీ తాగే కరెంటులో, కారిపోయే గ్యాసులో. ఆర్-32 అనే గ్యాసు ఒక కిలో కారితే 600 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. గ్యాసు పట్టే కుర్రాడు పైపు విప్పి సుయ్యిమని గాలిలోకి వదిలేస్తుంటే మనం గడపలో నిలబడి చూస్తుంటాం.

తుపాన్ల దగ్గర మాత్రం ఇద్దరం ఒకరినొకరు ఓడించుకున్నాం. మామ అన్నాడు, "1977 దివిసీమ ఉప్పెనలో పదివేలమంది పోయారు. 1990 మేలో ఇంచుమించు అంతటి గాలే వచ్చింది, పోయింది వెయ్యిలోపే. భూమి వేడెక్కే కొద్దీ చావులు తగ్గాయి గదా, ఇదెట్టా?" నిజం. నడుమ మనకు ఇన్‌శాట్ ఉపగ్రహాలొచ్చాయి, రాడార్లొచ్చాయి, లక్షలమందిని ముందే ఊళ్లు ఖాళీ చేయించడం వచ్చింది. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను నాకు బాగా గుర్తు. రేడియో చెవి దగ్గర పెట్టుకుని రాత్రంతా కూర్చున్నాం. టెక్నాలజీ అనగానే పెదవి విరిచేవాళ్లు ఆ రాత్రిని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

అయితే మామకూ నేనొకటి చెప్పాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ ఆవిరి మోస్తుంది. అంటే వాన పడితే కుండపోతే. 2021 నవంబరులో సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలితే పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. ప్రాణాలను ఉపగ్రహం కాపాడుతుంది గానీ కట్టలను కాపాడదు. ఆ వరద ఒక్కటే వేడి వల్ల వచ్చిందని నేననను. గుంట పుస్తకం దగ్గర తగిలిన దెబ్బ చాలు.

ఈ మధ్యలో ఒంగోలు గిత్త ప్రస్తావన ఎలా వచ్చిందో గుర్తులేదు గానీ, వచ్చింది. ఎండకు తట్టుకుంటుందనే బ్రెజిల్ వాళ్లు మన గిత్తల్ని తీసుకెళ్లారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి వాళ్లు దాన్ని నెలోర్ అంటారు. వాళ్ల నెలోర్ ఆవు ఒకదాని విలువ 2023లో దాదాపు 35 కోట్ల రూపాయలని లెక్కగట్టారు. "చూశావా, రేపటి వేడికి మందు మన దగ్గరే ఉండింది, మనం ట్రాక్టర్లు కొనుక్కుని వదులుకున్నాం" అన్నాడు మామ. అందులో సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, అమెజాన్ అడవి కొట్టేసిన బీళ్లలో మేసేదీ ఆ నెలోర్ మందలే. నెమరువేస్తూ అవి తేన్చేది మీథేన్. వేడికి తట్టుకునే మన పశువే అక్కడ కోట్ల సంఖ్యలో చేరి వేడిని పెంచుతోంది.

మీథేన్ మాట రాగానే నాకు మామ మాగాణి కనబడింది. నిలవనీళ్ల కింద గాలి తగలని బురదలో ఉండే సూక్ష్మజీవులు మీథేన్ చేస్తాయి. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు చెడ్డది. దానికొక పద్ధతుంది. మడిలో చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు పాతి, అందులో నీటిమట్టం నేలకంటే అరడుగు లోతు కిందికి దిగాకే మళ్లీ నీళ్లు పెట్టడం. పూతదశలో మాత్రం నీళ్లు ఆరనివ్వకూడదు. ఇట్లా ఆరనిస్తే మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది. వరికి ఎప్పుడూ నీళ్లు నిలబడాలనే నమ్మకం మన డెల్టాలో ఎంత గట్టిదో మీకు తెలుసు. మామ కూడా మొదట నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆయనది కాలవ చివరి భూమి. ఎడగారులో, అంటే ఎండాకాలం వేసే రెండో పంటలో, ఆయిలింజన్ పెట్టి తోడుకోవాల్సిందే. వారం తర్వాత ఫోన్ చేశాడు.

"అల్లుడూ, రెండు మళ్లలో పైపులు పాతాను. మూడు తడులు తగ్గేటట్టున్నాయి. నీ భూగోళం కోసం కాదు, డీజిలు కోసం."

మంచిదే మామా అన్నాను.

"అది సరే గానీ, ఆ తగ్గిన మీథేనుకు డబ్బులిస్తారంట గదా, పేపర్లో వేశారు. ఎట్టా కొలుస్తారు? ఎవరు కొలుస్తారు? కొలిచినోడికెంత, నాకెంత?"

తెలుసుకుని చెబుతానన్నాను. ఇంకా తెలుసుకుంటూనే ఉన్నాను. సెలవు.