డిఫర్ అయ్యాక, వెయిట్‌లిస్ట్‌లో పడ్డాక

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసల్లో, అమ్మానాన్నలు వెనక కూర్చున్నారు. టెన్షన్ మాత్రం వెనక వరసల్లోనే ఎక్కువ ఉంటుందని నాకు తెలుసు, అందుకే ఇద్దరికీ కలిపి చెప్తాను.

అమెరికాలో కాలేజీ పోర్టల్ తెరిస్తే సీటు వచ్చిందనో రాలేదనో కాకుండా మూడో మాట కనబడొచ్చు. ఎక్కువగా డిసెంబర్‌లో వచ్చేది డిఫర్, మార్చి చివర్లో వచ్చేది వెయిట్‌లిస్ట్. రెండూ ఒకటే అనుకుని ఒకే లెటర్ రెండు చోట్లకీ పంపేస్తుంటారు. డిఫర్ అంటే ఎర్లీలో, అంటే ముందస్తు గడువుకి పెట్టిన మీ అప్లికేషన్‌ని రెగ్యులర్ వాళ్లతో, అంటే మామూలు గడువుకి పెట్టినవాళ్లతో కలిపి మళ్లీ చదువుతామని, అంటే అక్కడ ఇంకా సీట్లున్నాయి. వెయిట్‌లిస్ట్ అంటే చదవడం అయిపోయింది, ఆఫర్లు ఇచ్చేశారు, మే 1 నాటికి ఎంతమంది చేరతామన్నారో తేలాక ఖాళీలుంటే చూస్తామని.

ముందు డిఫర్ సంగతి. ఎర్లీ డెసిషన్‌లో డిఫర్ అయితే, సీటిస్తే తప్పకుండా చేరతానని మీరు పెట్టిన సంతకం అక్కడితో రద్దు. చాలామందికి ఇది తెలియదు. కావాలంటే ఇంకో కాలేజీకి ఎర్లీ డెసిషన్ 2, అంటే రెండో విడత, పెట్టుకోవచ్చు, దాని గడువు ఎక్కువ చోట్ల జనవరి మొదట్లోనే. కానీ అదీ కట్టుబడి ఉండాల్సిందే, నాలుగు కాలేజీల ఎయిడ్, అంటే అవి ఇచ్చే ఫీజు సాయం, పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలుండదు. మొదటి కాలేజీ మీద అలకతో మాత్రం పెట్టకండి.

తర్వాత, వచ్చిన మెసేజ్‌ని రెండుసార్లు చదవండి. ఏం పంపాలో, ఏం పంపకూడదో అందులోనే ఉంటుంది. ఎంఐటీ లాంటి చోట దీనికి ఫిబ్రవరిలో నింపే ఫారమే ఉంది. కొన్ని కాలేజీలు ఏమీ పంపొద్దని తేల్చి చెప్తాయి, అలా చెప్తే నిజంగానే పంపొద్దు. అన్నిటికంటే బరువైనది మీ చేతిలోంచి వెళ్లదు, మీ స్కూల్ కౌన్సెలర్ పంపే మిడ్‌ఇయర్ రిపోర్ట్. అందులో సీనియర్ ఇయర్, అంటే పన్నెండో తరగతి, మొదటి సెమిస్టర్ గ్రేడ్లుంటాయి. ఒకసారి వెళ్లి అది వెళ్లిందో లేదో అడగండి.

ఇక అందరూ అడిగే లెటర్, ‘లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంటరెస్ట్’. ఇది ఒక పేజీ దాటకూడదని నా అభిప్రాయం, సగం పేజీ అయినా చాలు. నేను చూసే లెటర్లలో ముప్పావు వంతు పొగడ్తే ఉంటుంది, మీ క్యాంపస్ అద్భుతం, మీ ప్రొఫెసర్లు గొప్పవాళ్లు అని, ఆ సంగతి వాళ్లకి మనం చెప్పాలా! వాళ్ల దగ్గర లేనిది నవంబర్ తర్వాత మీ జీవితంలో జరిగింది మాత్రమే. అప్లికేషన్‌లో ‘సైన్స్ క్లబ్ మొదలుపెడుతున్నాను’ అని రాశారనుకోండి, అది నడుస్తోందా, ఎవరొస్తున్నారు, ఏం చేస్తున్నారు, అది రాయండి. కొత్తగా ఏమీ జరగకపోతే చదువుతున్న ఒక సబ్జెక్ట్ గురించి నిజాయితీగా నాలుగు వాక్యాలు రాయండి, లేని అవార్డు పుట్టించకండి. ‘సీటిస్తే తప్పకుండా చేరతాను’ అనే మాట నిజమైతేనే, ఒక్క కాలేజీకే రాయాలి. పంపాక వారానికో ఈమెయిల్ వద్దు. కేకులు, ఫొటో ఆల్బమ్‌లు పంపేవాళ్లు కూడా ఉన్నారు, నవ్వకండి, నిజమే.

అమ్మానాన్నలకి ఒక్క మాట. అడ్మిషన్ ఆఫీసుకి మీరు ఫోన్ చేయకండి. పిల్ల లెటర్ పిల్లే రాయాలి, మీరు రాసిస్తే చదివేవాళ్లకి రెండో లైన్‌లో తెలిసిపోతుంది.

వెయిట్‌లిస్ట్‌కి వద్దాం. మనవాళ్లు మొదట అడిగేది ‘మావాడి నంబర్ ఎంత?’ అని. ఇది రైల్వే వెయిటింగ్ లిస్ట్ కాదండీ, ముందువాళ్లు తప్పుకుంటే మన నంబర్ కదలడానికి. చాలా కాలేజీల్లో వరస నంబర్లే ఉండవు. ఇంజినీరింగ్‌లో ఖాళీ వస్తే ఇంజినీరింగ్ అడిగినవాళ్లని చూస్తారు, ఇంకెక్కడో తగ్గితే అక్కడి వాళ్లని. మీ చేతిలో ఉన్నది, లిస్టులో ఉంటామని పోర్టల్‌లో గడువులోపు ఒప్పుకోవడం. అది నొక్కకపోతే ఎక్కువ చోట్ల మీరు లిస్టులోనే ఉండరు.

అవకాశం ఎంతుందో తెలుసుకోవాలంటే ఆ కాలేజీ ‘కామన్ డేటా సెట్’ వెతకండి, అది కాలేజీ తన అంకెల్ని ఏటా బయటపెట్టే పత్రం. సీ2 అనే భాగంలో ఎంతమందికి వెయిట్‌లిస్ట్ ఇచ్చారు, ఎంతమంది ఒప్పుకున్నారు, చివరికి ఎంతమందిని తీసుకున్నారు అని ఉంటుంది. ఆ చివరి అంకె కొన్ని చోట్ల ఒక ఏడాది వందల్లో ఉండి మరో ఏడాది సున్నా అవుతుంది, అందుకని నాలుగైదేళ్లవి చూడండి. కాలేజీ కొన్ని అంకెలు ఖాళీగా వదిలేసినా ఆశ్చర్యపోకండి. సీ7లో అభ్యర్థి చూపిన ఆసక్తిని లెక్కలోకి తీసుకుంటారో లేదో రాస్తారు. ‘లెక్కలోకి తీసుకోం’ అని రాసిన కాలేజీకి అంత కష్టపడి లెటర్ రాయడం దేనికో ఆలోచించుకోండి.

మే 1 లోపు, సీటిచ్చిన కాలేజీల్లో ఒకదానికి డిపాజిట్ కట్టేయాలి. వెయిట్‌లిస్ట్‌లో ఉంటూ ఇంకోచోట కట్టడం తప్పు కాదు, రెండు కాలేజీలకి కట్టడం తప్పు. కట్టాక అక్కడి హాస్టల్ ఫారం నింపండి, ఓరియంటేషన్‌కి పేరివ్వండి. ‘ఆ కాలేజీ నుంచి వస్తుందేమో’ అని ఇవన్నీ ఆపేసి కూర్చుని, చివరికి మంచి హాస్టల్ గది కూడా పోగొట్టుకునేవాళ్లని చూస్తే నాకు కోపమే వస్తుంది.

ఒకవేళ మేలోనో జూన్‌లోనో పిలుపొస్తే జవాబివ్వడానికి ఒకటి రెండు రోజులే ఇవ్వొచ్చు. ఎగిరి ఒప్పుకునే ముందు ఎయిడ్ ఎంతో కాగితం మీద అడగండి, ఎందుకంటే అప్పటికి కొన్ని కాలేజీల్లో ఆ డబ్బు చాలావరకు పంచేసి ఉంటారు. మొదటి కాలేజీకి కట్టిన డిపాజిట్ మామూలుగా వెనక్కి రాదు, అయినా రావడం లేదని వాళ్లకి రాసి చెప్పండి, ఆ సీటు కోసం వాళ్ల లిస్టులోనూ ఎవరో ఉంటారు. ఇండియా నుంచి వచ్చే పిల్లలకి కొత్త కాలేజీ నుంచి ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), వీసా పని కూడా ఉంటుంది కాబట్టి, ఒప్పుకునే రోజే ఇంటర్నేషనల్ ఆఫీసుని తారీఖులు అడగండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, ముందు పిల్లలు.