తాళాల గుత్తి చూసిన పిల్ల

"ఆ పుస్తకాలు చదివే పిల్లలు ఇలా తయారవుతున్నారు." మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర మళ్ళీ ఈ మాట విన్నాను. ఆ పుస్తకాలంటే ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ, మగవాళ్ళు మగవాళ్ళనీ ప్రేమించే కథలు, ట్రాన్స్ మనుషుల కథలు. బంతిలో కూర్చుని గొడవ పెట్టుకోలేక ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ వీడియో. ఎల్‌జీబీటీక్యూలో ఏ అక్షరం దేనికి అనేది మీకు తెలుసు, అందులోకి వెళ్ళను. ఒక్క పుస్తకంలో ఒక్క సన్నివేశం చెప్తాను.

[పుస్తకం కెమెరా ముందు పెట్టి]

ఇది 'ఫన్ హోమ్'. 2006లో అమెరికాలో వచ్చింది. రాసిందీ, బొమ్మలు గీసిందీ అలిసన్ బెక్‌డెల్. కథ ఆమెదే. పెన్సిల్వేనియాలో బీచ్ క్రీక్ అనే చిన్న ఊరు. వాళ్ళ నాన్న బ్రూస్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తూ, తమ కుటుంబం నడిపే ఫ్యూనరల్ హోమ్, అంటే శవాలని అంత్యక్రియలకి సిద్ధం చేసే చోటు, కూడా చూసుకునేవాడు. దానికి పిల్లలు పెట్టుకున్న పేరే ఫన్ హోమ్.

అలిసన్‌కి నాలుగైదేళ్ళప్పుడు నాన్న ఫిలడెల్ఫియా తీసుకెళ్తాడు. అక్కడొక చిన్న హోటల్లో కూర్చుని ఉండగా ఒకావిడ వస్తుంది. మగవాళ్ళ బట్టలు, మగవాళ్ళ క్రాఫు, నడుముకి తాళాల గుత్తి. పరాయి దేశం ఎయిర్‌పోర్టులో హఠాత్తుగా తెలుగు మాట వినపడితే మన తల ఎలా తిరుగుతుందో, ఆ పిల్ల అలా చూస్తుంది. నాన్న గమనిస్తాడు. నువ్వూ ఇలా తయారవుదామనా అని అడుగుతాడు.

పిల్ల "కాదు" అంటుంది.

ఇక్కడ పుస్తకం ఎక్కడుంది? ఏ పుస్తకం చదివి ఆవిణ్ణి పోల్చుకుంది? 'లెస్బియన్', అంటే ఆడవాళ్ళని ప్రేమించే స్త్రీ, అనే మాట డిక్షనరీలో కంటపడింది పదమూడేళ్ళకి. ఆ మాట తన గురించే అని కాలేజీ పుస్తకాల షాపులో నిలబడి చదువుతూ తెలుసుకుంది పంతొమ్మిదేళ్ళకి. తర్వాత లైబ్రరీ అంతా గాలించింది. అంటే తాళాల గుత్తి ముందు, పుస్తకం తర్వాత. మధ్యలో దాదాపు పదిహేనేళ్ళు. పుస్తకం ఇచ్చింది పేరు మాత్రమే.

నాకూ ఒక తాళాల గుత్తి ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మతో అమ్మమ్మగారి ఊరు వెళ్తున్నాను. మా రూట్లో మొదటిసారి ఆడ కండక్టర్‌ని చూశాను. ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచి, వేళ్ళ సందున మడిచిన నోట్లు. బస్సు ఎంత ఊగినా కమ్మీకి ఆనుకుని కదలకుండా నిలబడింది. నేను దిగేదాకా చూస్తూనే ఉన్నాను. "ఏంటే, నువ్వూ కండక్టరవుతావా?" అంది అమ్మ నవ్వుతూ. "లేదమ్మా" అన్నాను. నాకు కావలసింది ఆ ఉద్యోగం కాదు. ఏం కావాలో చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

ఇరవై ఆరేళ్ళకి హైదరాబాద్ హాస్టల్లో రూమ్మేట్ ఈ పుస్తకం ఇచ్చింది. ఆ "కాదు" దగ్గర ఆగిపోయాను. పుస్తకం మూసి మేడమీదికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను.

ఇక నాన్న సంగతి. అలిసన్ కాలేజీ నుంచి ఇంటికి ఉత్తరం రాసి తన విషయం చెప్తుంది. అప్పుడు అమ్మ ఫోన్లో ఇంకో నిజం చెప్తుంది: నాన్నకి మగవాళ్ళతో సంబంధాలున్నాయని. కొన్ని నెలలకే, 1980లో, రోడ్డు దాటుతూ ట్రక్కు కింద పడి చనిపోయాడు. నలభై నాలుగేళ్ళు. ఆత్మహత్యేనేమో అని ఆమె అనుమానం. ఇప్పుడు మళ్ళీ హోటల్ సన్నివేశానికి వెళ్ళండి. ఆ తాళాల గుత్తి మీద కూతురి చూపుని ఆయన అంత త్వరగా ఎలా పట్టుకున్నాడు? ఆ చూపు ఆయనకి కొత్త కాదని నేననుకుంటాను. అందుకే ఆ ప్రశ్నలో నాకు కోపం కంటే భయమే ఎక్కువ వినిపిస్తుంది.

"బొమ్మల పుస్తకమేగా" అనేవాళ్ళకి ఒక్క మాట. దీనికి ఏడేళ్ళు పట్టింది. ప్రతి మనిషినీ గీసే ముందు ఆమె తనే ఆ భంగిమలో నిలబడి ఫోటో తీసుకుంది. అంటే నాన్నలా కూడా నిలబడింది. ఆ పని చేయించేది బొమ్మే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. మన దేశంలో అమృతా పాటిల్ 'కారి' 2008లో వచ్చింది. యాడ్ ఏజెన్సీలో పనిచేసే కారి, ఆమె ప్రేమించిన రూత్. అదీ గ్రాఫిక్ నవలే, అంటే బొమ్మల్లో చెప్పిన కథే, తప్పకుండా చూడండి. తెలుగులో కావాలంటే రేవతిగారి 'ఒక హిజ్రా ఆత్మకథ'. గ్రాఫిక్ నవల కాదు, ఒక ట్రాన్స్ మహిళ తన జీవితం తానే చెప్పుకున్న పుస్తకం. పి. సత్యవతిగారు అనువదించారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది.

పెళ్ళిలో ఆ మాట అన్నది మా పెదనాన్నే. ఆయన కోసం ఈ పుస్తకం ఒక కాపీ కొన్నాను. ఈ ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను.