ఆ నెంబర్ ఏ టేబుల్‌ది? లాగ్ రీడర్‌తో నెల రోజులు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ టూల్‌కి ఏడాది లైసెన్సు నాకు ఫ్రీగా ఇచ్చారు. పేరు, ఫీచర్ల చిట్టా తెర మీద ఉన్నాయి, మళ్లీ చదవను. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ తనలో జరిగే మార్పులు రాసుకునే లాగ్ ఫైళ్లు (వాల్) తెరిచి చూపిస్తుంది, అంతే. రంగులు బాగున్నాయి, గ్రాఫులు నేను ఒక్కసారే తెరిచాను. నా గోల అంతా నెంబర్ల గురించి.

ఈ లాగులు చదవడానికి పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే పీజీ_వాల్‌డంప్ వాడినవాళ్లకి ఈ బాధ తెలుసు. ఎవరో టేబుల్లో వరుసలు లేపేశారు, ఎప్పుడో చెప్పమంటారు. ఆ లాగులుండే పీజీ_వాల్ ఫోల్డర్‌లోకి వెళ్తే మామూలుగా ఒక్కో ఫైలు 16 ఎంబీ, పేరు 24 అక్షరాలు. అందులో మొదటి 8 టైమ్‌లైన్, అంటే సర్వర్ చరిత్రలో ఏ శాఖో చెప్పే నెంబర్. స్టాండ్‌బైని (సిద్ధంగా ఉంచే నకలు సర్వర్‌ని) ప్రైమరీ (అసలు సర్వర్) చేశాక అది మారిపోతుంది. పాత టైమ్‌లైన్ ఫైలు పట్టుకుని ఒక పూటంతా పోగొట్టుకున్న ఘనుణ్ణి నేను. సరే, ఫైలు దొరికింది. డిలీట్ రికార్డు మీద టైమ్ ఉండదు, కమిట్ (మార్పులు ఖాయం చేసే) రికార్డు మీదే ఉంటుంది. అందుకే ముందు కమిట్ వెతికి, ట్రాన్సాక్షన్ (ఒక్కటిగా జరిగే మార్పుల గుంపు) నెంబర్ పట్టుకుని, దాంతో మిగతావి లాగాలి. లాగితే ఏమొస్తుంది? డిలీట్, 1663/16384/16397, బ్లాకు 0. ఆ మూడు నెంబర్లూ వరసగా డిఫాల్ట్ టేబుల్‌స్పేస్ (ఫైళ్లు దాచే చోటు), డేటాబేస్, టేబుల్ ఫైలు; బ్లాకు అంటే ఆ ఫైల్లో ఒక ముక్క. ఇది చూసి మేనేజర్‌కి ఏం చెప్పను?

ఇంకో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ ఈ విషయంలో నయం. దాని మార్పుల లాగ్ (బిన్‌లాగ్) వరుసవారీగా రాసే రో ఫార్మాట్‌లో ఉంటే టేబుల్ పేరు చెప్తుంది, మామూలు సెట్టింగుల్లో పాత విలువలూ చూపిస్తుంది. కాలమ్ పేర్లకి బదులు @1, @2 అంటుంది, సర్దుకుపోవచ్చు.

ఈ టూల్ 16397 పక్కనే టేబుల్ పేరు వేస్తుంది. మొదటి రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మూడో వారం వ్యాక్యూమ్ ఫుల్ (టేబుల్‌ని కొత్త ఫైల్లోకి తిరగరాసి చోటు మిగిల్చే కమాండ్) నడిపి పాత లాగ్ తెరిచాను, పేరు ఖాళీ! కారణం ఏంటంటే, వ్యాక్యూమ్ ఫుల్ చేసినా ట్రంకేట్ (టేబుల్ మొత్తం ఖాళీ) చేసినా టేబుల్‌కి కొత్త ఫైలు నెంబర్ వస్తుంది, పాతది కేటలాగ్‌లో (పోస్ట్‌గ్రెస్ తన టేబుళ్ల వివరాలు ఉంచుకునే చోట) ఉండదు. మొన్నటిదాకా చూపించిన పేరే కదా, ఎక్కడో రాసి పెట్టుకోవచ్చుగా! డబ్బులు తీసుకునే టూల్ చేయాల్సిన పని అదే.

పోయిన వరుసలు తిరిగొస్తాయా అని అడుగుతారు. పోస్ట్‌గ్రెస్ డిలీట్ రికార్డులో మామూలుగా పాత విలువలే ఉండవు, ఏ టూలైనా ఎక్కణ్ణుంచి తెస్తుంది? అంతకుముందు తీసి పెట్టుకున్న బ్యాకప్ ఎక్కించి, ఆ డిలీట్‌కి ముందు క్షణం దాకా రికవర్ చేసుకోవాల్సిందే.

అన్నట్టు, పీజీ_వాల్ ఫోల్డర్ పేరు ఒకప్పుడు పీజీ_ఎక్స్‌లాగ్. నా పాత ఉద్యోగంలో ఒకాయన డిస్కు నిండిందని, లాగులే కదా అని అందులోవన్నీ తుడిచేశాడు. సర్వర్ మళ్లీ లేవలేదు. 2017లో వచ్చిన వెర్షన్ 10లో పేరు మార్చింది ఇలాంటివాళ్ల భయంతోనే.

లైసెన్సు అయ్యాక కొంటానా? పాత నెంబర్లు గుర్తుపెట్టుకుంటే కొంటా. అప్పటిదాకా రోజూ రాత్రి కేటలాగ్‌లోని పీజీ_క్లాస్‌లోంచి పేర్లు, ఫైలు నెంబర్లు ఒక టేబుల్లోకి కాపీ చేసే చిన్న స్క్రిప్టు రాసుకున్నా. కింద పెట్టాను, తీసుకోండి.